వేడిని వెంటాడే మిసైళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎయిర్‌ఫోర్స్ వార్త ఏదైనా టీవీలో వచ్చిందంటే చాలు మా కజిన్ల గ్రూపులో గంటసేపు యుద్ధం నడుస్తుంది, ఎవడో ఒకడు మిసైల్ రేంజ్‌ల పట్టిక పెడతాడు, ఇంకొకడు వాళ్లది మనదాని కంటే పది కిలోమీటర్లు ఎక్కువంట అని దిగులు పడతాడు. అది చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా. ఫైటర్ జెట్లు దగ్గరదగ్గరగా వచ్చి కొట్టుకునేటప్పుడు వాడే హీట్ సీకింగ్ మిసైళ్ల గురించి మాత్రమే, రాడార్ మిసైళ్ల జోలికి అవసరమైతే తప్ప వెళ్లను. ముందే చెప్తున్నా, నా దృష్టిలో ఈ మిసైల్‌కి రేంజ్ కాదు ముఖ్యం, దాని కన్ను. ఏం చూడగలదు, ఎంత పక్కకి చూడగలదు, ఎవరైనా కళ్లు గప్పితే కనిపెట్టగలదా, అదీ అసలు లెక్క.

ప్ర: రాడార్ మిసైల్‌కీ దీనికీ తేడా ఏంటి?

రాడార్ మిసైల్ టార్చిలైట్ వేసుకుని వెతికే మనిషి లాంటిది. లైటు తనదైనా సరే, వెనకాల విమానం పట్టుకున్నదైనా సరే, వెలుగు పడి తిరిగొస్తేనే కనిపిస్తుంది. అయితే లైటు వేస్తే ఎదుటివాడికి కూడా మన ఉనికి తెలిసిపోతుంది కదా, వాడి విమానంలో వార్నింగ్ మోగుతుంది. హీట్ సీకర్ ఏ లైటూ వెయ్యదు, చీకట్లో కూర్చుని ఎదుటివాడి చుట్ట నిప్పు చూసినట్టు చూస్తుంది అంతే. అందుకే ఇది వస్తోందని పైలట్‌కి తెలియకపోవచ్చు, మిసైల్ మోటార్ మంటని గానీ కదలికని గానీ పట్టే ప్రత్యేకమైన సెన్సార్లు విమానానికి ఉంటే తప్ప.

ప్ర: వేడి అంటే ఇంజిన్ వెనక వచ్చే మంటేనా?

మొదట్లో అంతే. 1950ల నాటి సీకర్లు, అంటే మిసైల్ ముక్కులో ఉండే కళ్లు, లెడ్ సల్ఫైడ్‌తో చేసినవి, బాగా ఎర్రగా కాలిన లోహాన్ని మాత్రమే చూడగలిగేవి, అంటే జెట్ ఇంజిన్ గొట్టం లోపలి భాగం. అది వెనక నుంచే కనిపిస్తుంది కాబట్టి శత్రువు తోక వెనక్కి చేరితే తప్ప కొట్టడానికి కుదిరేది కాదు.

ఆ తర్వాత ఇండియం యాంటిమొనైడ్ అనే పదార్థం వచ్చింది, అది 3 నుంచి 5 మైక్రాన్ల తరంగాలని చూస్తుంది. ఆ మధ్యలోనే 4.3 మైక్రాన్ల దగ్గర ఇంజిన్ పొగలోని కార్బన్ డయాక్సైడ్ గట్టిగా మెరుస్తుంది. అంటే గొట్టం కనిపించకపోయినా విమానం వెనక తోకచుక్కలా సాగే వేడిగాలి ముందు నుంచి కూడా కనిపిస్తుందన్నమాట. పైగా స్పీడుగా పోయే విమానం గాలి రాపిడికి రెక్కల అంచుల్లోనూ ముక్కు దగ్గరా వేడెక్కుతుంది. ఇప్పటి సీకర్లకి విమానం మొత్తం ఒక బొమ్మలా కనిపిస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. వేడిని చూడాలంటే చూసే కన్ను చల్లగా ఉండాలి, లేకపోతే దాని సొంత వేడే దానికి అడ్డం. అందుకే ఆ చిన్న గింజంత డిటెక్టర్‌ని మైనస్ 190, 200 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. హై ప్రెషర్‌లో ఉన్న ఆర్గాన్ లేదా నైట్రోజన్‌ని సన్న రంధ్రంలోంచి వదిలితే అది ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది, ఆ చల్లదనాన్నే వాడతారు. కొన్ని మోడల్స్‌లో గ్యాస్ సీసా మిసైల్‌లోనే ఉంటుంది, కొన్నిటికి రెక్క కింద లాంచర్‌లో ఉంటుంది. ఆ గ్యాస్ అయిపోతే మిసైల్ గుడ్డిదే.

ప్ర: పాతకాలం మిసైల్‌కి కెమెరా లేదు కదా, మరి టార్గెట్ ఏ పక్కన ఉందో ఎలా తెలిసేది?

నాకు అన్నిటికంటే నచ్చే ప్రశ్న ఇది. డిటెక్టర్ ముందు ఒక గాజు బిళ్ల గిరగిరా తిరుగుతుంటుంది, దాని మీద సైకిల్ చక్రం ఊచల్లా నల్ల గీతలు ఉంటాయి. దూరంగా ఉన్న ఇంజిన్ ఒక చుక్కలా కనిపిస్తుంది కాబట్టి ఊచ అడ్డొచ్చినప్పుడు ఆరిపోయి, ఖాళీ వచ్చినప్పుడు వెలిగి, టక టక టక అని మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకు ఎప్పుడు మొదలవుతోంది, ఎంత గట్టిగా ఉంది అన్నదాన్ని బట్టి టార్గెట్ కుడివైపా ఎడమవైపా పైనా కిందా అన్నది తేలిపోతుంది. కంప్యూటర్ లేదు, కొన్ని వాక్యూమ్ ట్యూబులు, అంతే.

ఇంకో లాభం కూడా ఉంది, ఎండలో మెరిసే మబ్బు లాంటి పెద్ద వస్తువు ఒకేసారి నాలుగైదు ఊచల మీద పడుతుంది, అందుకని మిణుకు రాదు, మిసైల్ దాన్ని పట్టించుకోదు. సిద్ధాంతం ఇదీ. నిజంగా ఎంత బాగా పనిచేసిందో కింద వియత్నాం దగ్గర చూడండి.

ప్ర: మిసైల్ టార్గెట్ వెంటపడి పరిగెడుతుందా?

హెడ్డింగ్‌లో నేనే వెంటాడే అని పెట్టాను గానీ నిజానికి వెంటాడదు. కుక్క బైక్ వెంట పడ్డట్టు నేరుగా దాని వైపే పోతుంటే ఎప్పుడూ వెనకే ఉండిపోతుంది. మీరు రోడ్డు మీద బండి నడుపుతున్నారు, పక్క రోడ్డులోంచి ఒక లారీ నాలుగు రోడ్ల కూడలి వైపు వస్తోంది, మీ ముందు అద్దంలో ఆ లారీ ఉన్నచోటే ఉండి పెద్దదవుతూ పోతోందంటే గుద్దుకోవడం ఖాయం, ముందుకో వెనక్కో జరుగుతోందంటే తప్పినట్టు. మనం గుద్దుకోకూడదని చూస్తాం, మిసైల్ గుద్దుకోవాలని చూస్తుంది. టార్గెట్ తన చూపులో పక్కకి జరుగుతుంటే ఆ జరిగే వేగానికి మూడు నాలుగు రెట్లు తను తిరుగుతుంది, చూపు నిలకడగా అయ్యేదాకా. దీన్నే ప్రొపోర్షనల్ నావిగేషన్ అంటారు.

నేరుగా గుద్దాల్సిన పని కూడా లేదు. కొన్ని మీటర్ల దగ్గరికి వెళ్తే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ దాన్ని పేల్చేస్తుంది, ముక్కలు ఎగిరి తగులుతాయి. సైడ్‌వైండర్ అనే అమెరికా హీట్ సీకర్ వార్‌హెడ్, అంటే పేలే భాగం, మొత్తం 9 కిలోల చిల్లర మాత్రమే, మన ఇంటి గ్యాస్ బండలో గ్యాస్ ఇంకా ఎక్కువ బరువుంటుంది.

ప్ర: మొదట ఎవరు చేశారు?

అమెరికా నేవీ వాళ్లు, కాలిఫోర్నియా ఎడారిలో చైనా లేక్ అనేచోట. పేరులో చైనా ఉంది గానీ ఆ దేశంతో సంబంధం లేదు. విలియం మెక్‌లీన్ అనే ఫిజిసిస్ట్ దీన్ని అధికారిక ప్రాజెక్టుగా పెద్ద బడ్జెట్ ఏమీ లేకుండానే మొదలుపెట్టాడు. 1953 సెప్టెంబర్‌లో మొదటిసారి డ్రోన్‌ని కొట్టింది, 1956లో సర్వీసులోకి వచ్చింది. ఆ ఎడారిలో సైడ్‌వైండర్ అనే పాము ఉంటుంది, కన్నుకీ ముక్కుకీ మధ్య చిన్న గుంటలతో ఎలుక ఒంటి వేడిని పసిగడుతుంది, అదే పేరు పెట్టారు.

మెక్‌లీన్ గొప్పతనం ఏంటంటే సింపుల్‌గా ఉంచడం. రాకెట్ గాల్లో బొంగరంలా దొర్లిపోకుండా ఆపాలి, దానికి జైరోస్కోపులూ మోటార్లూ కాకుండా వెనక రెక్కల చివర్లలో పళ్లున్న చిన్న చక్రాలు పెట్టారు. గాలికి అవే గిరగిరా తిరుగుతాయి, తిరిగే చక్రం తన పొజిషన్ మార్చుకోవడానికి ఒప్పుకోదు కాబట్టి మిసైల్ దొర్లబోతే ఆ చక్రమే రెక్క అంచుని పక్కకి నెట్టి సరిచేస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. 127 మిల్లీమీటర్ల లావు, మూడు మీటర్ల పొడవు, ఆ గొట్టం కొలత డెబ్భై ఏళ్లకి ఇవాళ్టికీ మారలేదు.

ప్ర: రష్యా వాళ్లు దీన్ని కాపీ కొట్టారంట, నిజమేనా?

నిజమే, దొంగతనం కూడా కాదు, ఇంటికొచ్చి పడింది. 1958 సెప్టెంబర్‌లో తైవాన్ జలసంధి మీద తైవాన్ సేబర్ జెట్లు చైనా మిగ్-17ల మీద సైడ్‌వైండర్లు వేశాయి, యుద్ధంలో గైడెడ్ ఎయిర్ టు ఎయిర్ మిసైల్ విమానాన్ని కూల్చడం అదే మొదటిసారి. అందులో ఒకటి మిగ్‌కి గుచ్చుకుంది గానీ పేలలేదు, పైలట్ దాన్ని అలాగే వేసుకుని ఇంటికి వచ్చి దిగాడు. చైనా దాన్ని సోవియట్లకి ఇచ్చింది, వాళ్లు విప్పి చూసి కె-13 అనే పేరుతో తయారుచేశారు. మన మిగ్-21లు మొదట్లో మోసింది ఆ కె-13నే. అంటే 1965లో పాకిస్తాన్ సేబర్లకి అమెరికా సైడ్‌వైండర్, మన దగ్గర అప్పుడే వచ్చిన కొద్దిపాటి మిగ్‌లకి దాని కవల పిల్ల. అయితే ఆ యుద్ధంలో మన నాట్, హంటర్ ఫైటర్లు గన్స్‌తోనే కొట్లాడాయి.

ప్ర: వియత్నాంలో ఎందుకంత ఘోరంగా ఫెయిలయ్యాయి?

అక్కడ సైడ్‌వైండర్లు ఐదారు వేస్తే ఒకటి తగిలింది. తప్పు మొత్తం మిసైల్‌ది కాదు. అది తిన్నగా పోయే బాంబర్ల కోసం ఆలోచించి చేసిన వస్తువు, మెలికలు తిరిగే చిన్న మిగ్‌ల కోసం కాదు. పైలట్ తను గట్టిగా తిరుగుతూ వేస్తే సీకర్ అందుకోలేకపోయేది. కింద వేడెక్కిన నేల, నీళ్ల మీద ఎండ మెరుపు, మబ్బుల అంచులు, వీటికి కూడా మోసపోయేది. పైగా ఆ ఉక్క, వాన, ఓడల మీద ఎత్తి దించే మోటు చేతులు, సున్నితమైన ఎలక్ట్రానిక్స్‌కి ఇవన్నీ దెబ్బే. అన్నిటికంటే ముఖ్యం, మిసైల్ ఏ కోణంలో ఏ దూరంలో పనిచేస్తుందో పైలట్లకి సరిగ్గా నేర్పలేదు. అమెరికా నేవీ 1969లో ప్రత్యేకంగా ఒక ఫైటర్ స్కూల్ పెట్టి నేర్పించాక రిజల్ట్ మారింది. చెఫ్ మారకుండా పొయ్యి మారిస్తే కూర రుచి మారదు కదా.

ప్ర: సూర్యుడి వైపు వెళ్లిపోతాయట?

పాతవి వెళ్లేవి. అందుకే ఆ రోజుల్లో మిసైల్ వెనక పడితే సూర్యుడి వైపు విమానాన్ని ఎక్కించి, ఒక్కసారిగా పక్కకి తిప్పెయ్యడం పైలట్లకి తెలిసిన చిట్కా. ఇప్పటి వాటి ముందు ఈ పప్పులు ఉడకవు.

ప్ర: ముందు నుంచి కూడా కొట్టగలిగే మిసైల్ ఎప్పుడొచ్చింది?

సైడ్‌వైండర్‌లో ఏఐఎం-9ఎల్ అనే మోడల్, 1970ల చివర్లో. 1981లో సిద్రా గల్ఫ్ మీద అమెరికా ఎఫ్-14లు దాంతోనే రెండు లిబియా సుఖోయ్-22లని కూల్చాయి. మరుసటి ఏడాది అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ సీ హారియర్ జెట్లు దీన్ని వాడాయి, గాల్లో జరిగిన పోరులో ఒక్క సీ హారియర్ కూడా పోలేదు. అందరూ ముందు నుంచి కొట్టగలగడం వల్లే గెలిచారని రాస్తారు గానీ అక్కడ ఎక్కువ షాట్లు వెనక నుంచే పడ్డాయి. అర్జెంటీనా జెట్లు చాలా దూరం నుంచి వచ్చి, చుట్టూ తిరిగి పోట్లాడేంత ఇంధనం లేక, బాంబులేసి తిరుగుముఖం పట్టేవి. కొత్త సీకర్ అంత నమ్మకంగా పట్టుకోబట్టి బ్రిటిష్ పైలట్లు ధైర్యంగా వేశారు, అదీ దాని అసలు ఉపకారం.

ప్ర: ఆర్-73 అంటే అంత గొప్ప ఎందుకు?

ఎందుకంటే చూపు అనే మాటకి అర్థం మార్చేసింది కాబట్టి. అంతకుముందు ఏ మిసైల్ వెయ్యాలన్నా విమానం ముక్కుని శత్రువు వైపు తిప్పాలి, డాగ్‌ఫైట్ అంటే ఆ ముక్కు తిప్పే పోటీయే. సోవియట్ల వింపెల్ సంస్థ 1980ల మధ్యలో తెచ్చిన ఆర్-73ని పైలట్ హెల్మెట్‌కి ముడిపెట్టారు. పైలట్ తల తిప్పి చూస్తే మిసైల్ కన్ను కూడా అటే తిరుగుతుంది, ముక్కుకి 45 డిగ్రీలు పక్కన ఉన్నవాడి మీద కూడా లాక్ అవుతుంది. వదిలాక అంత గట్టిగా ఎలా తిరుగుతుందంటే రాకెట్ మంట వచ్చే గొట్టంలోనే చిన్న రెక్కలు పెట్టారు, అవి మంటని పక్కకి మళ్లిస్తాయి. గాలి సాయం లేకుండా తన మంటతోనే తిరుగుతుంది.

అమెరికా, యూరప్ వాళ్లు దీని శక్తిని తక్కువ అంచనా వేశారు. 1990లో జర్మనీ రెండూ కలిసిపోయాయి, తూర్పు జర్మనీ మిగ్-29లు ఆర్-73లతో సహా నాటో చేతికి చిక్కాయి. వాటితో ప్రాక్టీస్ ఫైట్లు చేస్తే దగ్గర పోరులో ఎఫ్-16లు, ఎఫ్-18లు తెల్లమొహం వేశాయి. ఆ షాక్‌లోంచే అమెరికా ఏఐఎం-9ఎక్స్ (కొత్త సైడ్‌వైండర్), జర్మనీ ఐరిస్-టి మిసైళ్లు గట్టిగా ముందుకి కదిలాయి. ఇజ్రాయెల్ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా 1990ల మొదట్లోనే హెల్మెట్‌తో సహా పైథాన్-4 మిసైల్ దింపేసింది.

ప్ర: ఫ్లేర్లు వేస్తే తప్పించుకోవచ్చా?

టీవీలో విమానం వెనక దీపావళి మతాబుల్లా రాలేవి అవే. మెగ్నీషియం, టెఫ్లాన్ లాంటివి కలిపి చేస్తారు, ఇంజిన్ కంటే చాలా వేడిగా మండుతాయి. పాత సీకర్ ఎక్కడ ఎక్కువ వెలుగుంటే అటు పోతుంది కాబట్టి మోసపోతుంది.

తర్వాత మిసైల్ వాళ్లు తెలివి మీరారు. ఫ్లేర్ రెండువేల డిగ్రీల్లో మండుతుంది, ఇంజిన్ అంత కాదు, కాబట్టి రెండు రంగుల్లో చూస్తే రెండూ ఒకేలా ఉండవు. ఫ్లేర్ గాల్లో వదలగానే వెనకపడిపోతుంది, విమానం వెనకపడదు, అదో క్లూ. ఇక ఇప్పటి ఇమేజింగ్ సీకర్ ఏకంగా ఫోటో తీస్తుంది. ఏఐఎం-9ఎక్స్‌లోనూ బ్రిటన్ ఆస్రామ్ మిసైల్‌లోనూ మొదట పెట్టిన సెన్సార్ 128 నిలువు 128 అడ్డం, అంటే పదహారు వేల చిల్లర చుక్కలు. మీ ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు అది బొత్తిగా పేదది, కానీ రెక్కలున్న బొమ్మ ఏదో, ఉత్త నిప్పు ముద్ద ఏదో తెలియడానికి అంత చాలు.

అలాగని ఫ్లేర్లు దండగ అనుకోవద్దు. 2017 జూన్‌లో సిరియా మీద ఒక అమెరికా సూపర్ హార్నెట్ జెట్ సుఖోయ్-22 మీద ఏఐఎం-9ఎక్స్ వేస్తే తగల్లేదు, ఫ్లేర్లే కారణమని కొందరంటారు గానీ ఖాయంగా తేలలేదు, ఆ తర్వాత రాడార్ మిసైల్ అమ్రామ్‌తో కూల్చాల్సి వచ్చింది. నలభై ఏళ్ల నాటి విమానం, కొత్త మిసైల్. నూటికి నూరు శాతం అనే మాట బ్రోచర్లలోనే ఉంటుంది.

ప్ర: ఫ్లేర్లు కాకుండా వేరే దారి?

లేజర్. మిసైల్ వచ్చే దిక్కుని సెన్సార్ కనిపెట్టి, సరిగ్గా దాని కంట్లోకి లేజర్ కొట్టి తికమక పెడుతుంది, అచ్చంగా కళ్లల్లో దుమ్ము కొట్టడమే. పెద్ద రవాణా విమానాలకీ వీఐపీ విమానాలకీ ఎక్కువ పెడతారు. మన ప్రధాని, రాష్ట్రపతి తిరిగే బోయింగ్ 777ల కోసం అమెరికా నుంచి కొన్న రక్షణ వ్యవస్థల్లో ఇదీ ఉంది.

ప్ర: జెట్ కాదు, ప్రొపెల్లర్ విమానమైతే?

అదీ వేడే. 1999 ఆగస్టు 10న రాన్ ఆఫ్ కచ్ దగ్గర మన మిగ్-21 పాకిస్తాన్ నేవీ అట్లాంటిక్ విమానాన్ని ఆర్-60 మిసైల్‌తో కూల్చింది, అది రెండు టర్బోప్రాప్ ఇంజిన్లున్న విమానమే. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు.

ఆర్-60 చాలా చిన్నది, బరువు 44 కిలోలు, వార్‌హెడ్ మూడు కిలోలు. దీని మీద ఇంకో కథ ఉంది. 1988లో బోట్స్వానా ప్రెసిడెంట్ మసీరే ప్రయాణిస్తున్న చిన్న జెట్ మీద అంగోలా మిగ్-23 పొరపాటున రెండు ఆర్-60లు వేసింది. మొదటిది ఇంజిన్‌కి తగిలి ఆ ఇంజిన్ ఊడి పడిపోయింది, రెండోది ఆ పడిపోతున్న వేడి ఇంజిన్ వెంటే పోయి దాన్ని కొట్టింది, ప్రెసిడెంట్ గాయాలతో బతికి బయటపడ్డారు. వేడిని నమ్ముకున్న బుద్ధి ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ప్ర: మరి 2023లో అమెరికా చైనా బెలూన్‌ని హీట్ సీకర్‌తో కొట్టింది, బెలూన్‌కి వేడెక్కడిది?

కొట్టింది ఎఫ్-22, ఫిబ్రవరి 4న, సౌత్ కరోలినా తీరం దాటాక, ఏఐఎం-9ఎక్స్‌తో. ఇక్కడే పాత సీకర్‌కీ కొత్తదానికీ తేడా తెలుస్తుంది. కొత్తది వేడి చుక్క కోసం వెతకదు, వెనకాల ఆకాశానికీ ముందున్న వస్తువుకీ తేడా చూస్తుంది. అరవై వేల అడుగుల ఎత్తులో వెనక ఆకాశం గడ్డకట్టే చలి, ముందు ఎండకి వెచ్చబడ్డ పెద్ద బుడగ, స్పష్టంగా కనిపిస్తుంది. మిసైల్ ఒక్కోటి సుమారు 4 లక్షల డాలర్లని అప్పట్లో వార్తల్లో వచ్చింది, మన లెక్కలో మూడు కోట్ల పైమాటే. వారం తర్వాత హ్యూరన్ సరస్సు మీద ఇంకేదో చిన్న వస్తువు మీద ఎఫ్-16 వేస్తే మొదటి మిసైల్ తప్పి నీళ్లలో పడింది.

ప్ర: ఫైర్ అండ్ ఫర్గెట్ అంటే వేసి మర్చిపోవచ్చా?

వేసిన పైలట్ వెంటనే పక్కకి తిరిగి తన ప్రాణం చూసుకోవచ్చు, అది దాని అర్థం. అయితే వేసే ముందు హెడ్‌ఫోన్‌లో ఒక గుర్రుమనే శబ్దం వస్తుంది, సీకర్ ఏదో వేడిని పట్టుకుందని గుర్తు, ఆ ఏదో అన్నది ఏంటో పైలటే చూసుకోవాలి. మిసైల్‌కి మనవాడూ పరాయివాడూ తెలియదు. వేసేటప్పుడు నాటో పైలట్లు రేడియోలో ఫాక్స్ టూ అంటారు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఉన్న తోటి పైలట్లు కూడా జాగ్రత్తపడాలి.

మనవాళ్లని మనమే కొట్టుకునే ప్రమాదం మాటలకి కాదు. 2019 ఫిబ్రవరి 27న బుడ్గామ్‌లో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని నేల మీద ఉన్న మన మిసైలే కూల్చింది, ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్లు, నేల మీద ఒక సామాన్యుడు పోయారు. అది పెద్ద తప్పని ఆ అక్టోబర్‌లో ఎయిర్‌ఫోర్స్ చీఫే ఒప్పుకున్నారు. ఆధునిక మిసైళ్లు ఎన్ని తెలివితేటలు నేర్చినా ఎవరిని కొట్టాలన్న నిర్ణయం మనిషిదే, తప్పు కూడా మనిషిదే.

ప్ర: అదే రోజు అభినందన్ వేసింది ఏది?

వింగ్ కమాండర్ అభినందన్ నడిపింది మిగ్-21 బైసన్, మోసింది ఆర్-73. దాంతో ఒక ఎఫ్-16ని కూల్చారని భారత్ అంటుంది, ఆయనకి వీర్ చక్ర కూడా ఇచ్చారు. మా ఎఫ్-16 ఏదీ పోలేదని పాకిస్తాన్ అంటుంది. రెండు మాటలూ ఇప్పటికీ కలవలేదు. నేను గమనించేది వేరే, 1950ల డిజైన్ విమానాన్ని ఆధునిక యుద్ధంలో లెక్కలోకి తీసుకునేలా చేసింది ఆ హెల్మెట్టూ ఆ మిసైలే. మిగ్-21లు 2025 సెప్టెంబర్‌లో రిటైరయ్యాయి, ఆర్-73 మాత్రం సుఖోయ్-30ల మీద ఇంకా ఉంది.

ప్ర: మన ఎయిర్‌ఫోర్స్ దగ్గర ఇప్పుడు ఏమేం ఉన్నాయి?

సుఖోయ్‌లకీ మిగ్-29లకీ ఆర్-73. రఫేల్‌కీ అప్‌గ్రేడ్ చేసిన మిరాజ్‌కీ ఫ్రాన్స్ మైకా, ఇది రాడార్ సీకర్‌తోనూ వస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ సీకర్‌తోనూ వస్తుంది, బయటికి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేజస్ మొదట 2007లో ఆర్-73 వేసి చూసింది, 2021 ఏప్రిల్‌లో గోవాలో పైథాన్-5 కూడా పరీక్షించారు. జాగ్వార్‌కి ఆస్రామ్.

జాగ్వార్ సంగతి చెప్పకపోతే తోచదు నాకు, అది మిసైళ్లని రెక్క కింద కాదు, రెక్క పైన మోస్తుంది. కింద బాంబులకీ ఇంధనం ట్యాంకులకీ చోటు కావాలి కాబట్టి పైన పెట్టారు. మొదటిసారి ఫోటో చూసినప్పుడు ఎవడో ఎడిట్ చేశాడనుకున్నా.

ప్ర: హైదరాబాద్‌లో తయారవుతాయా?

మన మిసైళ్ల పుట్టిల్లే హైదరాబాద్. 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ ఇక్కడిదే, మిసైళ్ల పరిశోధన సంస్థలు డీఆర్‌డీఎల్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఇక్కడివే. అయితే తేడా గమనించండి, మనవాళ్లు డిజైన్ చేసి భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న అస్త్ర అనేది రాడార్ మిసైల్, దూరం నుంచి కొట్టేది. దగ్గరి పోరుకి వాడే హీట్ సీకర్లు మాత్రం ఇప్పటిదాకా బయటి నుంచి కొంటున్నవే. 2021లో భారత్ డైనమిక్స్, యూరప్ ఎంబీడీఏ సంస్థ కలిసి ఆస్రామ్‌ని ఇక్కడే బిగించి టెస్ట్ చేసే ఒప్పందం చేసుకున్నాయి.

ఇన్‌ఫ్రారెడ్ కన్ను మనకి రాదని కాదు. నాగ్ యాంటీ ట్యాంక్ మిసైల్‌కి ఇమేజింగ్ సీకర్ మనదే, ఇమారత్ వాళ్లు డిజైన్ చేసిన, విమానాల మీద వేసే, మనుషులు మోసుకెళ్లగలిగే చిన్న మిసైల్‌ని 2022లో చాందీపూర్‌లో పరీక్షించారు. కానీ ట్యాంక్ మెల్లగా పోతుంది, ఫైటర్ అలా పోదు, తొమ్మిది రెట్ల బరువు మీద పడేలా తిరుగుతుంది, ఆ తిరుగుడుని వదలకుండా చూసే కన్ను వేరే చదువు.

ప్ర: స్టెల్త్ విమానం హీట్ సీకర్‌కి దొరుకుతుందా?

దగ్గరికొస్తే దొరుకుతుంది. స్టెల్త్ ముఖ్యంగా రాడార్ కోసం. వేడిని తగ్గించడానికీ ఏవో చేస్తారు, ఎఫ్-22 ఇంజిన్ గొట్టాలు గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉండటంలో వేడిగాలి త్వరగా చల్లగాలిలో కలిసిపోవడం కూడా ఒక లాభం. కానీ టన్నుల కొద్దీ ఇంధనం కాల్చేవాడు వేడిని పూర్తిగా ఎక్కడ దాస్తాడు.

ప్ర: మబ్బులు, వాన?

దట్టమైన మబ్బులోకి దూరితే కన్ను కనపడదు, అంతే. రాడార్ ఇక్కడ గెలుస్తుంది.

ప్ర: సరే, రేంజ్ సంగతి ఇప్పటికైనా చెప్పండి. ఆర్-73 30 కిలోమీటర్లు, ఆస్రామ్ 25 పైన, ఎవరు గొప్ప?

ఆ 30 అనేది బాగా ఎత్తులో, ఎదురెదురుగా వస్తున్నప్పటి లెక్క. శత్రువు తనే మిసైల్ వైపు పరిగెత్తుకొస్తున్నాడు కాబట్టి దూరం ఎక్కువ కనిపిస్తుంది. అదే మిసైల్ కింద చిక్కటి గాలిలో, పారిపోతున్నవాడి వెనక వేస్తే కొన్ని కిలోమీటర్లకే ఊపిరి అయిపోతుంది. మోటార్ మండేది కొద్ది సెకండ్లే, ఆ తర్వాత అంతా విసిరిన రాయే, ప్రతి మలుపుకీ స్పీడు కారిపోతుంది. అందుకే ఎత్తు, స్పీడు, కోణం చెప్పకుండా రేంజ్ ఒక్కటే చెప్పేవాడి పట్టికని నేను పట్టించుకోను.

ఆస్రామ్ వాళ్ల ఆలోచన అందుకే నాకు ఆసక్తి. 127కి బదులు 166 మిల్లీమీటర్ల లావు గొట్టం, అంటే ఎక్కువ రాకెట్ మందు, మంట తిప్పే రెక్కలు లేవు. విమానాలు కలియతిరిగే దాకా ఎందుకు, అంతకుముందే స్పీడుగా వెళ్లి కొట్టేద్దాం అన్నారు. ఐరిస్-టి వాళ్లు తిరగడమే ముఖ్యం అన్నారు. ఒకే సమస్యకి రెండు దారులు.

ప్ర: బాపట్ల దగ్గర సూర్యలంకలో విమానం మిసైల్‌ని లారీ మీంచి వేశారంట?

అవును, 2023 డిసెంబర్‌లో సూర్యలంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో జరిగిన అస్త్రశక్తి విన్యాసాల్లో. అక్కడ అంతకుముందు 2020లో కూడా ఆకాశ్, ఇగ్లా మిసైళ్ల ఫైరింగ్ జరిగింది, ఇగ్లా కూడా భుజం మీంచి వేసే హీట్ సీకరే. లారీ మీంచి వేసింది సమర్ అనే వ్యవస్థ. విమానం మీద వాడే గడువు దాటిన ఆర్-73లని పారెయ్యకుండా, ఎయిర్‌ఫోర్స్ రిపేర్ డిపోల వాళ్లు ప్రైవేట్ కంపెనీలతో కలిసి ట్రక్కు మీద రెండేసి చొప్పున పెట్టి నేల నుంచి వేసేలా మార్చారు. పాత సామాను పారెయ్యడానికి మనసొప్పని మన ఇళ్ల బుద్ధే, కాకపోతే ఇక్కడ పనికొచ్చింది.

ప్ర: విమానం మీద 30 కిలోమీటర్లు పోయేది, లారీ మీంచి కూడా అంతే పోతుందా?

పోదు. సమర్‌కి 12 కిలోమీటర్ల దాకా అని చెప్తున్నారు. విమానం మీంచి వదిలినప్పుడు మిసైల్‌కి అప్పటికే విమానం స్పీడు, ఎత్తు ఫ్రీగా దొరుకుతాయి. సూర్యలంక ఇసుక మీద నిలబడ్డ లారీకి ఆ రెండూ లేవు, సున్నా నుంచి మొదలుపెట్టి, అన్నిటికంటే చిక్కటి గాలిని చీల్చుకుంటూ పైకెక్కాలి. మిసైల్ అదే, మందు అదే, కన్ను అదే.